వెనక్కి చూసే ఓడ

ముత్యాలరేవు మీద తెల్లవారింది. తూర్పు కడలి నిండా కుంకుమ కలిపినట్టయింది. పతాకాలు రెపరెపలాడుతుంటే, తెరచాపలు విప్పిన ఓడలు ఒకదాని వెనక ఒకటి రేవు దాటిపోతున్నాయి. వాటి నడుమ కలహంసి అనే ఓడ ఒక్కటే కదలకుండా కూర్చుని ఉంది. చందనపు స్తంభాలు, పగడాల కమానులు, అంతస్తు మీద అంతస్తుగా మేడలు, మేడల మీద బంగారు కలశాలు, కలశాల మీద నెమళ్ళు. బొమ్మ నెమళ్ళు కాదు, నిజం నెమళ్ళే. ముందువైపున తాటిచెట్టంత హంస మెడ, ఆ మెడకి కాసులపేరు. పక్కింటి పెళ్ళికి ఉన్న నగలన్నీ దిగేసుకుని వెళ్ళి, ఇక లేవలేక పీట మీదే ఉండిపోయిన షావుకారు భార్యలా ఉంది ఆ ఓడ.

ఓడ ఎక్కే మెట్ల దగ్గర ఒక యువకవి నిలబడి ఉన్నాడు. నుదుట విభూతి, భుజాన పట్టుశాలువా, చంకలో మూతపెట్టిన వెదురుబుట్ట. చూడడానికి కవిలాగే ఉన్నాడు కాని, జన్మలో ఒక్క పద్యం అల్లిన పాపాన పోలేదు. అతను కుసుమగిరి యువరాజు మణికేతుడు. బుట్టలో ఉన్న బాతు కూడా నిజానికి బాతు కాదు. సాక్షాత్తూ కుసుమగిరి ప్రభువు, ప్రతాపకేతు మహారాజు.

మహారాజుగారికి నోరు ఎక్కువ. ధూమ్రదంతుడనే మాంత్రికుడు కొలువుకి వస్తుంటే, నిండు సభలో "వాడి నడక చూశారా, అచ్చం బాతు!" అని పకపకా నవ్వారు. మాంత్రికుడు కమండలంలోంచి చారెడు నీళ్ళు చల్లి, "అలాగైతే ఆ నడక నువ్వే నడువు" అని వెళ్ళిపోయాడు. విరుగుడు లేకపోలేదు. ధూమ్రదంతుడు కాపురముండే కరాళద్వీపంలో ఒక ఊట ఉంది. అందులో ముంచితే బాతు మళ్ళీ మహారాజవుతాడు. అయితే ఈ రోజు సూర్యుడు అస్తమించేలోగా ముంచాలి. పొద్దు గుంకిందా, ఆ ఊట కాదు కదా సప్తసముద్రాల్లో ముంచినా ప్రతాపకేతు శేషజీవితం గుడ్ల గంప పక్కనే గడపాలి. అంతకన్నా ఘోరం, పొద్దు వాలేకొద్దీ ఆయనకి మాట పోతుంది, బాతుబుద్ధి పెరుగుతుంది.

ద్వీపం దూరం కాదు. గాలి కలిసొస్తే ఒక్క పూట ప్రయాణం. చిక్కంతా ఓడలతోనే. ముత్యాలరేవులో ఏ ఓడకైనా కళ్ళు తెరిపించనిదే నీళ్ళలోకి దింపరు. వడ్రంగి ముందువైపున శంఖపు చిప్పలతో రెండు కళ్ళు అమర్చి, కాటుక దిద్దుతాడు. అప్పటినుంచి ఓడ తన దారి తానే చూసుకుంటుంది. మాంత్రికుడు ఆ కళ్ళమీదే మంత్రం వేశాడు. కరాళద్వీపం కంటపడిందంటే చాలు, ఎంతటి ఓడైనా బెదిరి వెనక్కి తిరిగి పారిపోతుంది. వారం రోజులుగా మణికేతుడు ఎక్కిన పడవలన్నీ అదే పని చేశాయి. "కళ్ళకి గంతలు కడితేనో?" అని అతను అడిగితే, పడవవాళ్ళు తెడ్లు పట్టుకుని వెంటపడ్డారు. ముక్కలు చేయబోయే చచ్చిన ఓడకి తప్ప గంతలు కట్టరట. ఇక రేవులో అడగని ఓడ ఈ కలహంసి ఒక్కటే మిగిలింది.

"కుమారా," అని బుట్టలోంచి గంభీరమైన గొంతు వినిపించింది. "ఈ ఓడలో మాంసం వండుతారా?"

"శ్రేష్ఠిగారు ఉల్లిపాయ కూడా ముట్టరట నాన్నగారూ. భయం లేదు. మీరు మాత్రం మాట్లాడకండి."

"మేము భయపడలేదు. విచారించామంతే."

ఇంతలో ఓడ యజమాని కుబేరగుప్త శ్రేష్ఠి మెట్లు దిగి వచ్చాడు. పొట్ట ముందు, ఆయన వెనక.

"దయచేయండి, దయచేయండి కవిగారూ! మా కలహంసి మీద ప్రబంధం రాయాలని మీకు తోచిందంటే, అది మీ పూర్వజన్మ సుకృతం. ఆ బుట్టేమిటి?"

"నా ఉపాసనా దేవత ఉందండి ఇందులో," అన్నాడు మణికేతుడు. శ్రేష్ఠి బుట్టకి కూడా ఒక నమస్కారం పెట్టాడు.

ఇక మొదలైంది. ఓడని చూపించడమంటే కుబేరగుప్తుడికి పిల్లనిచ్చినంత సంబరం. ఏనుగుదంతపు ఉయ్యాలలు, నాట్యమండపం, తాంబూలపు గది, తాంబూలం వేసుకున్నాక నోరు కడుక్కునే గది, మధ్యాహ్నపు కునుకుకి ఒక గది, ఆ కునుకు పట్టకపోతే దొర్లడానికి వేరే గది.

"మా ముత్తాత మకరగుప్తులవారు కట్టించినప్పుడు ఇది మిరియాల ఓడండీ. గట్టి టేకు. ఇప్పటికీ అడుగు అంతస్తుకి వెళ్తే తుమ్ములొస్తాయి. తాతగారు తన పెళ్ళికని దీనిమీద కల్యాణమండపం వేయించారు. మహారాజుగారి విహారనౌక రెండంతస్తులని విని, మా నాన్నగారు దీన్ని మూడంతస్తులు చేశారు."

"అబద్ధం!" అంది ఎవరో. మండపం నీడలో కత్తిపీట ముందేసుకుని ఒక పండు ముసలమ్మ బీరకాయలు తరుగుతోంది. "మీ నాన్న వేసింది రెండే. పైది పావురాలగూడు. దానికి నువ్వు కిటికీలు పెట్టించావు."

"మా నాయనమ్మ మాణిక్యాంబ," అన్నాడు శ్రేష్ఠి నీరసంగా. "ఈ ఓడలోనే ఉంటుంది. రండి, మీకు కొలను చూపిస్తాను."

నిజంగానే ఓడ నడిబొడ్డున పన్నీటి కొలను ఉంది. అందులో ఎర్రకలువలు పూసి ఉన్నాయి.

"సముద్రం మీద ఓడ, ఓడ మీద కొలను," అన్నారు బుట్టలోంచి మహారాజు ఉండబట్టలేక. "మరి కొలనులో పడవ లేదేం?"

"ఉందిగా కవిగారూ! అదిగో, ఆ కలువల చాటున. దానిమీద కూడా చిన్న కొలను పెట్టిద్దామనుకున్నాను. వడ్రంగి కన్నీళ్ళు పెట్టుకున్నాడు."

మణికేతుడు బుట్టని మోచేత్తో ఒక్కటిచ్చుకుని, అసలు సంగతికి వచ్చాడు. "శ్రేష్ఠిగారూ, ఓడ కళ్ళెక్కడ? హంస ముఖం మీద కనబడలేదు."

శ్రేష్ఠి ముఖం కాస్త వాడింది. అతన్ని ఓడ వెనకవైపుకి, వంటశాల వెనక్కి తీసుకెళ్ళాడు. అక్కడ అంట్లు తోమే తొట్టి కింద, పొగచూరిన చెక్క మీద, రెండు పెద్ద శంఖపు కళ్ళు ఊరివైపు చూస్తున్నాయి. వాటి కిందే, ముక్కు కింద మీసంలా చుక్కాని ఉంది.

"అసలు ముందువైపు ఇదేనండీ," అన్నాడు శ్రేష్ఠి గొంతు తగ్గించి. "నా హయాంలో వాస్తు సిద్ధాంతిని పిలిపించాను. సింహద్వారం తూర్పున ఉండాలన్నాడు, యజమాని పడక నైరుతిలో ఉండాలన్నాడు. అప్పటికే ఓడ పడమటివైపు మొహంపెట్టి ఉంది. తిప్పుదామంటే మంచి ముహూర్తం లేదు. అందుకని ఓడని తిప్పకుండా ముందునే వెనక్కి మార్చాం. హంస మెడ తెచ్చి అటు తగిలించాం, చుక్కాని పీకి ఇటు పెట్టాం. కళ్ళు మాత్రం ఒక్కసారే తెరిపిస్తారు కదండీ. అవి ఇక్కడే ఉండిపోయాయి, పాపం."

మణికేతుడి గుండె ఒక్క గంతు వేసింది. కరాళద్వీపం ఉన్నది తూర్పున. ఈ ఓడ తూర్పుగా సాగితే, దాని కళ్ళు ముత్యాలరేవు వైపే చూస్తుంటాయి. ద్వీపం గట్టు తగిలేదాకా దానికి ద్వీపమని తెలియనే తెలియదు. భూమండలంలో కరాళద్వీపం చేరగల ఓడ ఏదైనా ఉంటే అది ఇదొక్కటే!

"శ్రేష్ఠిగారూ!" అన్నాడు ఆవేశంగా. "మీ కలహంసి రూపం వర్ణించేస్తాను. కాని గమనం? నాయిక నడక చూడకుండా ప్రబంధం ఎలా నడుస్తుంది? ఒక్కసారి తూర్పుగా, అలా సాయంత్రం దాకా..."

"కదలడమా!" శ్రేష్ఠి రెండు చెవులూ మూసుకున్నాడు. "కదిలితే ఓడ తిరుగుతుంది. తిరిగితే నా నైరుతి ఏమైపోతుందండీ? అందుకే కదా నాలుగు మూలలా మోకులు కట్టించాను! లంగరు కరిగించి మెట్లకి కమ్మీలు చేయించాను. నావికులందర్నీ మానిపించి వింజామరలు వీచేవాళ్ళని పెట్టుకున్నాను. నా కంఠంలో ప్రాణం ఉండగా ఈ ఓడ కదలదు!"

మణికేతుడు మళ్ళీ అడిగాడు, బతిమాలాడు, పొగిడాడు. శ్రేష్ఠి ససేమిరా అన్నాడు. పైన సూర్యుడు చూస్తుండగానే నడినెత్తికి ఎగబాకుతున్నాడు. బుట్టలో మహారాజు "కుమారా, మాకు... అదేమిటి... ఆ తెల్లగా, ముద్దగా..." అని అన్నం అనే మాట కోసం వెతుక్కుంటున్నారు. 

ఈ గొడవంతా మాణిక్యాంబ విన్నది. విని, కత్తిపీట చంకన పెట్టుకుని లేచింది. "ఇక్కడ ఎండ వచ్చిందమ్మా," అంటూ ఓడ ఒక మూలకి వెళ్ళి కూర్చుంది. కాసేపటికి "ఇక్కడా వచ్చింది" అని రెండో మూలకి వెళ్ళింది. శ్రేష్ఠి నాట్యమండపం కప్పుకి వేయించిన అద్దాలు ఏ దేశంనుంచి తెప్పించాడో చెబుతూనే ఉన్నాడు. ముసలమ్మ మూడో మూలకి వెళ్ళింది. నాలుగో మూలలో ఆవిడ పీట మీదనుంచి లేచేసరికి మణికేతుడు అటు చూశాడు. కత్తిపీట పక్కన బీరకాయ లేదు. తొడ లావు మోకు తెగిపడి ఉంది.

"మాట్లాడకు," అన్నట్టు ఆవిడ కళ్ళెగరేసింది. దగ్గరికి వచ్చి చెవిలో అంది: "మా నాన్న ఓడ నడిపే సరంగు, నాయనా. ఈ మండపంలో నా మెడలో పుస్తె కడుతూ మావారు ఏమన్నారో తెలుసా? 'రేపే సముద్రం చూపిస్తానే' అన్నారు. ఆ రేపు ఇంతవరకు రాలేదు. ఆ పైనున్న పట్టుపందిరి విప్పెయ్యి. తెరచాపలా పనికొస్తుంది. చుక్కాని నేను పట్టుకుంటాను."

మణికేతుడు ఒక్క ఉరుకున పైకెక్కి పందిరి తాళ్ళు లాగాడు. పడమటి గాలికి పట్టు ఫెళ్ళున విచ్చుకుంది. కలహంసి ఒళ్ళు విరుచుకుంది.

"ఈ అద్దాల్లో చూస్తే ఊరంతా కనబడుతుందండీ," అంటున్నాడు శ్రేష్ఠి. "అదిగో మా ఇల్లు, అదిగో గుడి, అదిగో... ఊరు చిన్నదవుతోందేమిటండీ?"

తరవాత రేగిన గందరగోళం ఆ పరమాత్ముడికే ఎరుక. రేవు ముఖద్వారంలో సుడులకి కలహంసి గిర్రున తిరిగింది. "అయ్యో! నా నైరుతి ఈశాన్యానికి వెళ్ళిపోయింది! పట్టండి, పట్టండి!" అని శ్రేష్ఠి కేకలు పెట్టాడు. వింజామరలవాళ్ళు యజమాని పందిరిమంచం భుజాన ఎత్తుకుని నైరుతిమూలకి పరుగెత్తారు. వాళ్ళు దించేలోగా ఓడ మళ్ళీ తిరిగింది. మళ్ళీ ఎత్తారు. ఓడ ఎటు తిరిగితే దానికి ఎదురు మంచం తిరుగుతోంది, మంచం వెనక శ్రేష్ఠి, శ్రేష్ఠి వెనక బెదిరిన నెమళ్ళు. మాణిక్యాంబ మాత్రం చీరకుచ్చెళ్ళు బిగించి, చుక్కాని మీద కాలు తన్నిపెట్టి, హంస మెడని సూటిగా తూర్పుకి పెట్టింది. అప్పుడు నైరుతి తన చోటికి తాను వచ్చింది. మంచం దింపారు. సముద్రపు ఊపుకి కడుపు తిప్పి శ్రేష్ఠి దానిమీద బోర్లా పడ్డాడు.

మధ్యాహ్నం దాటింది. నల్లని మబ్బుచార వెనక కరాళద్వీపం కోరలు కనబడ్డాయి. ఎదురుగా ఒక యుద్ధనౌక, నూరుతెడ్ల భీకరనౌక, కెవ్వున అరుస్తున్నట్టు చెక్కలు కిర్రుమనిపిస్తూ వెనక్కి పారిపోతోంది. దానిమీద సేనాపతి జుట్టు పీక్కుంటున్నాడు. కలహంసి దాని పక్కనుంచి మందగమనంతో సాగిపోయింది. ఏమీ చూడని వాడికి భయమేమిటి?

మరికాస్త ముందుకి వెళ్ళేసరికి సముద్రం పగిలింది. ధూమ్రదంతుడు కావలి పెట్టిన జలసర్పం పడగెత్తి లేచింది. కళ్ళు నిప్పుకణికలు, నాలుక పాయలు చీలి కొరడాల్లా ఆడుతోంది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి దానికి ఒకటే పని. లేవాలి, బుస్సుమనాలి, ఓడలు పారిపోవాలి. అది లేచింది, బుస్సుమంది. కలహంసి ఆగలేదు. సర్పం ఇంకోసారి, ఈసారి శ్రద్ధగా, బుస్సుమంది. తాటిచెట్టంత మెడ చివరనున్న హంసముక్కు ఠపీమని దాని నడినెత్తిన తగిలింది. జలసర్పం అవమానంతో అడుగుకి దిగిపోయింది, మళ్ళీ కనబడలేదు.

"చూశారా నాన్నగారూ!" అని మణికేతుడు సంతోషంగా బుట్టవైపు తిరిగాడు.

మూత ఊడి, బుట్ట ఖాళీగా ఉంది.

మహారాజు కొలనులో ఉన్నారు. జీవితంలో మొలలోతు నీళ్ళలో దిగడానికి కూడా జంకిన ప్రతాపకేతు, కలువల మధ్య తల ముంచుతూ, తోక పైకెత్తుతూ, పరమానందంగా ఈదుతున్నారు. కొడుకుని చూసి ఒక క్షణం ఆగారు. చాలా కష్టపడి, "కు... మా... రా" అన్నారు. తరవాత వచ్చినది మాట కాదు. మణికేతుడికి ఏడుపు తన్నుకొచ్చింది. బుట్ట మోసినంతసేపు తండ్రి వాగుడికి విసుక్కున్నాడు. ఇప్పుడు ఒక్క తిట్టయినా వినబడితే బాగుండుననిపించింది.

ద్వీపం దగ్గరపడింది. ఇసుకకి ఇక ఒక్క కేకదూరం. ఒడ్డు వెనక బండల మధ్య ఊట ఆకుపచ్చగా మెరుస్తోంది. వెనకాల సూర్యుడి అంచు సముద్రాన్ని తాకింది. మణికేతుడు తండ్రిని పట్టుకుందామని కొలనులోకి దిగాడు. మహారాజు చిక్కితేనా! కలువల చాటుకి, పడవ చాటుకి తప్పించుకుంటున్నారు.

చుక్కాని దగ్గర మాణిక్యాంబ కళ్ళనిండా ద్వీపాన్ని చూసుకుంటోంది. ఇది ఏ ద్వీపమో ఆవిడకి తెలియదు. చెప్పే తీరిక మణికేతుడికి దొరకలేదు. తెల్లటి నురగ, నల్లటి శిఖరాలు, శిఖరాల మీద ఎర్రటి ఎండ. ఇంత అందం ఉంటుందని ఆవిడ అనుకోలేదు. కింద శంఖపు కళ్ళవైపు చూసి ఆవిడ మనసు కరిగిపోయింది.

"అయ్యో, నా పిచ్చితల్లీ! ఇంతదూరం మమ్మల్ని మోసుకొచ్చి నువ్వేం చూశావే? ఎప్పుడు చూసినా ఆ ముత్యాలరేవేనాయె. ఉండు, నువ్వూ చూద్దువుగాని." అంటూ ప్రేమగా చుక్కాని తిప్పింది.

"వద్దు! మామ్మగారూ, వద్దు!" అని మణికేతుడు కొలనులోంచే కేక పెట్టాడు.

కలహంసి ఒయ్యారంగా తిరిగింది. మిరియాల కాలం ముగిసినప్పటినుంచి గోడలు, మేడలు, నెమళ్ళు మోస్తూ, ఊరిని తప్ప దేన్నీ చూడని ఆ శంఖపు కళ్ళు, మొట్టమొదటిసారి కరాళద్వీపం మీద పడ్డాయి.

ఓడలో ఉన్న ప్రతి చెక్కా కెవ్వుమంది. కలశాలు రాలాయి. కొలను నీళ్ళు పైకిలేచి మణికేతుణ్ణి, కలువల్ని, మహారాజుని కలిపి ఓడ అంచుదాకా విసిరాయి. కలహంసి మళ్ళీ గిర్రున తిరిగి, పందిరి చిరిగేలా పడమటికి పరుగు లంకించుకుంది. "నా నైరుతి!" అని శ్రేష్ఠి మూలుగు, "ఒసేవ్ ఆగవే!" అని ముసలమ్మ కేక గాలిలో వెనక్కి వెళ్ళిపోతున్నాయి. మణికేతుడు రెప్పపాటులో తండ్రిని గుండెకి హత్తుకుని సముద్రంలోకి దూకేశాడు.

ఉప్పునీళ్ళు మింగి పైకి తేలేసరికి చేతుల్లో బాతు లేదు. మహారాజు ముందే తేలి, హాయిగా ఒడ్డువైపు ఈదుతున్నారు. మణికేతుడు సంతోషించాడు. ఆ సంతోషం ఒడ్డు మీద చూపు పడేదాకే నిలిచింది.

నీళ్ళ అంచున ధూమ్రదంతుడు గొంతుక్కూర్చుని ఉన్నాడు. పొగరంగు పళ్ళు బయటపెట్టి నవ్వుతున్నాడు. ఒక చేతిలో చేట, చేటలో నూకలు. ఇంకో చేత్తో గుప్పెడు గుప్పెడు ఇసుక మీద చల్లుతూ పిలుస్తున్నాడు.

"బా... బా... బా... రామ్మా, రా..."

"నాన్నగారూ! వెళ్ళకండి!" అని అరిచాడు మణికేతుడు. బాతు తల తిప్పింది. ఎవరో దారిన పోయేవాణ్ణి చూసినట్టు చూసి, మళ్ళీ నూకలవైపు తిరిగింది. "మహారాజా! ప్రతాపకేతు ప్రభూ!" ఈసారి తల కూడా తిప్పలేదు. సూర్యుడు సగం మునిగాడు. ఈది అందుకునేంత దగ్గరలో లేరు తండ్రి. విసరడానికి చేతిలో ఏమీ లేదు. పిలవడానికి మనిషి మాట పనిచేయడం లేదు.

కుసుమగిరి యువరాజు ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. తరవాత, తన కుటుంబానికి పరమశత్రువు చూస్తుండగా, నిండు సముద్రంలో మెడ ఎత్తి, ఉన్న గొంతంతా పెట్టి, తప్పిపోయిన బాతుపిల్లలా అరవడం మొదలుపెట్టాడు.

"క్వాక్! క్వాక్! క్వాక్!"

ధూమ్రదంతుడి చెయ్యి గాలిలో ఆగిపోయింది. బాతు కూడా ఆగింది. నూకలవైపు చూసింది, వెనక్కి తిరిగి పిల్లవైపు చూసింది, మళ్ళీ నూకలవైపు చూసింది. మాంత్రికుడు ఇంకో గుప్పెడు చల్లాడు. మణికేతుడు ఇంకా గట్టిగా అరిచాడు. ఈసారి బాతు నూకలకి వీపు తిప్పి, పిల్లవైపు ఈదడం మొదలుపెట్టింది.